పాత ల్యాప్‌టాప్, నల్ల తెర, మేము చేసిన పొరపాటు



పోయిన శనివారం మేమిద్దరం బాచుపల్లి వెళ్ళి వచ్చామని మీలో కొందరికి తెలుసు. ఎందుకు వెళ్ళామో మాత్రం ఎవరికీ చెప్పలేదు. సిగ్గుపడి చెప్పలేదు. ఇప్పుడు చెప్తాము.

మన సంఘంలోని ఒక బిడ్డ బాచుపల్లిలో హాస్టల్‌లో ఉండి ఇంజనీరింగ్ చదువుతోంది. ఆమెను అడిగే రాస్తున్నాము, పేరు మాత్రం రాయము. తండ్రి మేస్త్రీ పని చేస్తాడు. కాలేజీలో చేరిన ఏడాది ఆమెకు ల్యాప్‌టాప్ లేకపోతే, మా ఇంట్లో ఉన్నదే ఇచ్చాము. ఆరేళ్ళ క్రితం సికింద్రాబాద్ సీటీసీలో సెకండ్ హ్యాండ్‌లో కొన్నది అది. ఆదివారాలు పాటలు తెర మీద వేయడానికి వాడేవాళ్ళం. ఇచ్చిన రోజు అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు మాకు బాగానే అనిపించాయి, దాచడమెందుకు?

పదిహేను రోజుల క్రితం ఆమె ఫోన్ చేసింది. కాలేజీ ల్యాబులో చక్కగా నడిచిన ప్రాజెక్టు ఈ ల్యాప్‌టాప్‌లో నడవడం లేదట. సోమవారం రివ్యూ. ఎవరి ప్రాజెక్టు వాళ్ళ సొంత మిషన్ మీదే చూపించాలట. "జావా మూడుసార్లు తీసి మళ్ళీ వేసిన అయ్యగారూ, అదే ఎర్రర్ వస్తుంది" అంది. మేమేమన్నామో తెలుసా? "మూడుసార్లు వేశానంటున్నావు, ఒక్కసారైనా మనసు పెట్టి వేశావా అమ్మా? ఫోన్ పక్కన పెట్టి చూడు" అన్నాము. ఆ పిల్ల ఏమీ మాట్లాడలేదు. "సరే అయ్యగారూ" అని పెట్టేసింది.

మూడో రోజు తండ్రి మా ఇంటికి వచ్చాడు. కొత్త ల్యాప్‌టాప్ కొనాలంటే నలభై వేలన్నా కావాలి, నూటికి మూడు రూపాయల వడ్డీకి ఒకాయన ఇస్తానన్నాడు, తీసుకోమంటారా అని అడిగాడు. మూడు రూపాయల వడ్డీ అంటే ఏమిటో మన ఊళ్ళో ఎవరికీ వివరించనక్కర్లేదు. నలభై వేలకు నెలకు 1200, అసలు కదలకుండా. "ఆగు, మేము వెళ్ళి చూసి వస్తాం" అన్నాము. చూడటానికి మాకేం తెలుసని అన్నామో మాకే తెలియదు.

గండిమైసమ్మ దాకా బస్సు, అక్కడి నుంచి ఆటో. మేము మొదటిసారి ఆ దారిన వెళ్ళినప్పుడు బాచుపల్లి ఊరులాగే ఉండేది. ఇప్పుడు వీఎన్ఆర్ విజ్ఞాన జ్యోతి, గోకరాజు రంగరాజు, ఆడపిల్లల బీవీఆర్ఐటీ అన్నీ అక్కడే. ఏ కరెంటు స్తంభం చూసినా హాస్టల్ బోర్డు, లేకపోతే జావా నేర్పుతామనే బోర్డు. ఊళ్ళలో పొలం మీద, కూలి మీద సంపాదించిన డబ్బు ఎక్కడికి వెళ్తోందో చూడాలంటే సాయంత్రం ఐదింటికి ఆ చౌరస్తాలో నిలబడితే చాలు.

హాస్టల్ కింద వచ్చిపోయేవాళ్ళ కోసం ఒక గది ఉంది. ఒక బల్ల, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు. బిడ్డ ల్యాప్‌టాప్ పట్టుకొని దిగింది, వెంట తన రూమ్మేట్, ఖమ్మం వైపు అమ్మాయి. ఆ అమ్మాయి బొమ్మలూ బటన్లూ ఏమీ ముట్టుకోలేదు. నల్ల తెర ఒకటి తెరిచింది. దాన్ని టెర్మినల్ అంటారు. మౌస్‌తో పని లేదు, మాట టైపు చేసి ఎంటర్ కొట్టడమే. మాకైతే అది చూడగానే ఏదో చెడిపోయిందనిపించింది.

మొదట ఎర్రర్ చదివించింది. "క్లాస్ ఫైల్ వెర్షన్ 61" అని ఒక అంకె, "నేను 52 వరకే గుర్తుపడతాను" అన్నట్టుగా ఇంకో అంకె ఉన్నాయి. 61 అంటే జావా 17 అట, 52 అంటే జావా 8. ప్రోగ్రామ్ తయారైంది 17తో, నడపడానికి లేచి వస్తున్నది 8. "ఎనిమిది ఎక్కడిది? నేను వేసింది పదిహేడే" అంది మన బిడ్డ.

రూమ్మేట్ "వేర్ జావా" అని టైపు చేసింది. జావా ఎక్కడున్నావు అని అడగడమన్నమాట. రెండు వరుసలు వచ్చాయి. పైన ఒకటి, కింద ఒకటి.

ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి, మాకు అర్థం కావడానికే పావుగంట పట్టింది. కంప్యూటర్‌లో పాత్ అని ఒక జాబితా ఉంటుంది. ఒక పేరు పిలిస్తే, ఆ జాబితాలో ఉన్న ఫోల్డర్లను వరుసగా వెతుకుతుంది. మొదట ఎక్కడ దొరికితే దాన్నే లేపుతుంది, ఆ తర్వాత ఏమున్నాయో చూడదు. మన ఊళ్ళో ఇద్దరు యాదగిరులు ఉన్నారనుకోండి. ఇంటి పేరు రాయని ఉత్తరం వస్తే కొత్త పోస్టుమ్యాన్ దారిలో మొదట తగిలిన యాదగిరికే ఇచ్చి పోతాడు. రెండో యాదగిరి ఇంకో మూడు ఇళ్ళు కట్టుకున్నా ఉత్తరం మొదటి ఇంటికే పోతుంది. ఈ పిల్ల 17ను మూడుసార్లు కాదు, ముప్ఫైసార్లు వేసినా వరుసలో ముందున్న 8 కదలలేదు కాబట్టి ఫలితం అదే.

తర్వాత "వింగెట్ లిస్ట్" అని కొట్టింది. ఆ మిషన్‌లో ఉన్న సామాను మొత్తం ఒక చిట్టాగా దిగింది, ఎవరు వేసిందైనా సరే. మేము తల దించుకున్నది ఇక్కడే. పాటలు తెర మీద చూపించే పాత ప్రోగ్రామ్. దానికి కావాలని మేమే వెతికి తెచ్చి వేసిన జావా 8. వీడియోను ఆడియోగా మార్చేది, ఉచితం. పీడీఎఫ్‌ను వర్డ్‌గా మార్చేవి రెండు. తెలుగు టైపింగుది రెండుసార్లు. మేము అడగకుండానే వెంటపడి వచ్చిన డ్రైవర్ అప్‌డేటర్. "డౌన్‌లోడ్" అని పచ్చగా మెరిసే బటన్ ఎక్కడ కనిపించినా నొక్కాము కదా. ఆ మెరిసేవాటిలో సగం ప్రకటనలని మాకు చెప్పిందెవరు? ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

"అయ్యగారూ, ఇవి మీరు వేసినవేనా?" అని బిడ్డ మెల్లగా అడిగింది.

మావే. ఫోన్‌లో ఆమెను అన్న మాట గుర్తొచ్చింది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఎవరో ఒకరు నోరు తెరవాలి. "తప్పు మాది అమ్మా. చెత్త వేసి ఇచ్చింది మేము, నిన్నన్నది మేము. క్షమించు" అన్నాము. "అయ్యో, అట్లనకండి అమ్మగారూ" అంటూ కళ్ళు తుడుచుకుంది. పది రోజులుగా తనకు తెలివి లేదేమో అనుకుంటూ కూర్చుందట. ఈ చదువు మానేసి డిగ్రీలో చేరాలా అని కూడా అనుకుందట. ఆ మాట విన్న తర్వాత మాకు టీ దిగలేదు.

తర్వాతి పని చప్పున అయింది. "వింగెట్ అన్‌ఇన్‌స్టాల్" అంటూ ఒక్కొక్కటీ తీసేశారు. చివరి రెండు మాతోనే టైపు చేయించారు. తర్వాత "వింగెట్ ఇన్‌స్టాల్" అని రాసి, టెమురిన్ 17 పూర్తి పేరు పెట్టి ఎంటర్ కొట్టారు. పూర్తి పేరే ముఖ్యమట. ఒకేలాంటి పేర్లతో వేరే సరుకు ఉండొచ్చు, కాబట్టి ముందు "వింగెట్ సెర్చ్" చేసి అసలు గుర్తింపు ఏదో చూసుకోవాలి. అయిపోయాక ఆ నల్ల తెర మూసి కొత్తది తెరిచింది. పాత తెరకు పాత జాబితానే గుర్తుంటుందట.

ఈ వింగెట్‌ను మైక్రోసాఫ్ట్ 2020 మే నెలలో ప్రకటించింది, మరుసటి ఏడాది మేలో 1.0 వచ్చింది. లైనక్స్ వాళ్ళకు ఇలాంటి సౌకర్యం చాలా ముందే ఉంది. 1999లో వచ్చిన డెబియన్ 2.1లోనే ఆప్ట్ అనే పనిముట్టు ఉంది. మన తెలుగులో లైనక్స్‌ను తేవడానికి కష్టపడ్డ స్వేచ్ఛ సంస్థ కూడా ఈ హైదరాబాద్‌దే. విండోస్ వాడే మనలాంటి వాళ్ళం మాత్రం ఇన్నేళ్ళూ మెరిసే బటన్ల వెంట తిరిగాము.

మెరిసే బటన్‌కూ దీనికీ తేడా ఏమిటని అడిగాము. విత్తనాల సంచి మీద లాట్ నంబరు ఉంటుంది కదా, అలాంటిదే. ప్రతి సరుకుకూ తయారుచేసినవాళ్ళ సొంత చిరునామా, ఆ ఫైలును లెక్కగట్టి తీసిన పొడవాటి ఒక సంఖ్య ముందే రాసి ఉంటాయి. దిగుమతి అయిన ఫైలును మళ్ళీ లెక్కగడుతుంది. ఒక్క అక్షరం తేడా ఉన్నా సంఖ్య కలవదు, వేయనంటుంది. అయితే సంచి మారలేదనే అది చెప్తుంది, లోపలి విత్తనం మంచిదని కాదు. ఎక్స్‌జెడ్ అనే పనిముట్టులో, చాలాకాలం నమ్మకంగా పనిచేసిన వ్యక్తే దొంగదారి పెట్టాడని 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు కనిపెట్టాడు. లాగిన్ కావడానికి అర సెకను ఆలస్యమవుతోందని అనుమానించి తవ్వితే బయటపడింది. ఆ అర సెకనును పట్టించుకున్న మనిషి మీద మాకు గౌరవం కలిగింది.

ఇంకో కథ చెప్పారు. 2016 మార్చిలో ఒక ప్రోగ్రామర్, పేరు గురించి వచ్చిన తగాదాలో, ఎన్‌పీఎం అనే గోదాములో ఉంచిన తన సరుకంతా వెనక్కి తీసుకున్నాడు. అందులో ఒకటి లెఫ్ట్‌ప్యాడ్, పదకొండు వరుసల చిన్న ముక్క. దాని మీద ఆధారపడిన పెద్ద పెద్ద కంపెనీల పనులు లోకమంతా కొన్ని గంటలు ఆగాయి. మూడు రూపాయల వడ్డీ మాట మాకు అప్పుడే మళ్ళీ గుర్తొచ్చింది, ఎందుకో తెలియదు.

అన్నీ ఒకేసారి కొత్తవి చేసే కమాండ్ కూడా ఉందని, పరీక్ష ముందు మాత్రం దాని జోలికి పోవద్దని ఆ ఖమ్మం అమ్మాయి హెచ్చరించింది. నడుస్తున్నదాన్ని కదపకూడదట. మా మేస్త్రీలూ అదే అంటారు, కప్పు పోసిన రోజు సపోర్టు కర్రలు తీయరు. చివరికి "వింగెట్ ఎక్స్‌పోర్ట్"తో ఉన్న సామాను జాబితాను చిన్న ఫైలుగా రాసి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకున్నారు. రేపు మిషన్ మారినా "ఇంపోర్ట్" అంటే ఆ జాబితాలోవన్నీ మళ్ళీ వచ్చి కూర్చుంటాయి.

ప్రాజెక్టు నడిచింది. ఊళ్ళో కిరాణా కొట్టు ఖాతా పుస్తకం లాంటి ప్రోగ్రామ్ అది. బిడ్డ మొదటి పేరుగా వాళ్ళ నాన్న పేరు ఎక్కించి, బాకీ దగ్గర సున్నా పెట్టింది. అక్కడి నుంచే ఆయనకు ఫోన్ చేసి, అప్పు తీసుకోవద్దని చెప్పాము. కాసేపు ఆయన వైపు నుంచి మాట రాలేదు.

సోమవారం రివ్యూ అయింది. మార్కులు ఇంకా చెప్పలేదట.

మేము తిరుగు బస్సులో గండిమైసమ్మ దాటాక ఆమె ఫోన్ చేసింది. పాటల ప్రోగ్రామ్ పోయింది గానీ, మేము ఇన్నేళ్ళూ రాత్రుళ్ళు కూర్చొని టైపు చేసిన పాటల ఫోల్డర్ ఇంకా అందులోనే ఉందట. తీసేయాలా అని అడిగింది.

"నీకు చోటు చాలకపోతే తీసెయ్యమ్మా" అన్నాము.

"చోటుంది అయ్యగారూ" అంది.