ఎనుమాముల మిర్చి, మన చేతులు

వరంగల్ వెళ్ళినవాళ్ళం వేయిస్తంభాల గుడి, కోట చూసి వచ్చేస్తాం. ఫిబ్రవరి, మార్చి నెలల్లో వెళితే ఎనుమాముల మార్కెట్ కూడా చూడండి. ఎటు చూసినా ఎర్రటి మిర్చి బస్తాలే! లోపలికి వెళ్ళీ వెళ్ళకముందే తుమ్ములు మొదలు. 2025లో జి.ఐ. గుర్తింపు పొందిన చపాటా మిర్చి ఈ ప్రాంతానిదే. రంగెక్కువ, కారం తక్కువ. పచ్చళ్ళకు భలేగా ఉంటుంది.

నా చూపు మాత్రం మిర్చి ఏరుతున్న ఒక పెద్దావిడ చేతుల మీద పడింది. ఎండి, పగిలి ఉన్నాయి. మంట పుట్టదా అంటే, “ఉత్త నీళ్ళతోని కడిగితే పోదు బిడ్డా, ముందుగాల నూనె రుద్దాలె” అంది.

నిజమే. మిర్చి ఘాటు నీళ్ళలో కరగదు, నూనెలో కరుగుతుంది. నూనె రుద్దిన వెంటనే సబ్బుతో కడిగేయాలి సుమా! వదిలేస్తే మంట ఇంకా పాకుతుంది.

వయసు పెరిగేకొద్దీ చర్మంలో నూనె ఊరడం తగ్గుతుంది. పైగా మనకు అంట్లు, సబ్బులు తప్పవాయె! నాలుగు చెంచాల నువ్వుల నూనెలో ఒక చెంచా తేనెమైనం తురుము వేసి, గిన్నెను వేడినీళ్ళలో పెట్టి కరిగించండి. చల్లారితే గట్టి వెన్నలా పేరుకుంటుంది. నీటిచుక్క పడనివ్వకండి. రాత్రి చేతులు కడుక్కుని, తడి పూర్తిగా ఆరకముందే రాసుకోండి. ముడతలు పోతాయని చెప్పను, గరుకుదనం మాత్రం తగ్గుతుంది.

మరోసారి వెళ్ళినప్పుడు ఆవిడకో చిన్న డబ్బా ఇచ్చాను. “బస్తా అయినంక రాసుకుంట” అని కొంగున ముడేసుకుంది.