సుపీరియర్ ఒడ్డున లక్క పూత

డులూత్ ఊరు కొండవాలు మీద ఉంటుంది. ఏ వీధిలో నిలబడి కిందికి చూసినా చివర్న నీళ్లే. మొదటిరోజు సముద్రమనే అనుకున్నాను. కెరటాలున్నాయి, ఓడలున్నాయి, ఉప్పదనమే లేదు. అది సుపీరియర్. విస్తీర్ణంలో ప్రపంచంలోకెల్లా పెద్ద మంచినీటి సరస్సు... దాదాపు 82 వేల చదరపు కిలోమీటర్లు! జులైలో పాదం ముంచినా చలికి జివ్వుమంది.

కోడలి పురిటికని 2023 వేసవిలో మేమిద్దరం అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రానికి వెళ్లాం. సాయంత్రమైతే కెనాల్ పార్కుకు నడక. అక్కడి వంతెనను 1905లో కట్టి, 1930లో పైకి లేచేలా మార్చారు. ఇనుప ఖనిజం కోసం వచ్చే ఓడ కూత పెడితే వంతెనా బదులు కూస్తుంది. రోడ్డుకు రోడ్డే లిఫ్టులా పైకి వెళ్తుంది. ఎన్నిసార్లు చూసినా మా ఆవిడకు తనివి తీరలేదు.

ఇంట్లో మాత్రం వేరే గొడవ. మావాడు కొన్నది 1952 నాటి ఇల్లు. పుట్టబోయే పాపాయి కోసం అనుకున్న మేడగదికి పైకప్పంతా పైన్ చెక్కలే. ఆ రాష్ట్ర వృక్షం కూడా ఎర్ర పైనేలెండి. ఏళ్ల తరబడి వార్నిష్ ముదిరి గది మధ్యాహ్నం కూడా చీకటిగా ఉండేది. తెల్లరంగు వేద్దామన్నాడు. అమెరికాలో ఇళ్లకు సీసం కలిసిన రంగులు నిషేధించింది 1978లో. ఇల్లు అంతకు ముందుది కాబట్టి, చెక్కను రుద్దే ముందు పరీక్ష చేయించాడు. సీసం లేదని తేలింది. నీళ్లలో కలిసే రంగు రెండు పూతలు వేశాడు. ధగధగలాడింది.

పదిరోజులకు మచ్చలు! ఎవరో పైకి టీ చల్లినట్టు గోధుమరంగు గుండ్రాలు. మూడో పూత వేశాడు. మళ్లీ తేలాయి. అప్పటికి కోడలికి ఇంకా మూడు వారాలే గడువు.

దుకాణంలో పెద్దాయన విని నవ్వాడు. పైన్ చెక్కలో కొమ్మ మొలిచినచోట ముడి ఉంటుంది. అందులోని జిగురు ఎన్నేళ్లయినా రంగులోంచి పైకి ఊరుతూనే ఉంటుందట. ‘కప్పితే లాభం లేదు, ఆపాలి’ అంటూ ఓ డబ్బా చేతిలో పెట్టాడు. స్పిరిట్‌లో కరిగించిన షెల్లాక్‌తో చేసిన తొలిపూత. షెల్లాక్ అంటే ఏంటని అడిగితే ‘మీ దేశం పురుగు పెట్టే జిగురే’ అన్నాడు.

లక్క! మాది ఏటికొప్పాకకు దగ్గర పల్లె. అంకుడు కర్ర తరిణి మీద గిరగిరా తిరుగుతుంటే రంగు లక్కకడ్డీ ఆనించడం, ఆ వేడికే లక్క కరిగి బొమ్మకు అంటుకోవడం చూస్తూ పెరిగినవాణ్ణి. మోదుగ, రేగు లాంటి చెట్ల కొమ్మలపై చిన్న పురుగులు విడిచే జిగురది. మన దేశంలో జార్ఖండ్‌లోనే ఎక్కువ పండుతుంది. రాంచీ దగ్గర నామ్‌కుంలో 1924లోనే లక్క కోసం పరిశోధన సంస్థ పెట్టారు. ఆ లక్క కోసం మంచుదేశంలో డాలర్లు పోయడం తమాషాగా అనిపించింది.

స్పిరిట్ వాసన ఘాటుగా ఉంటుందని కోడల్ని స్నేహితురాలి ఇంటికి పంపాం. కిటికీలన్నీ తెరిచి, ఇంట్లో ఎక్కడా నిప్పు లేకుండా చూసుకున్నాం. మచ్చలున్నచోట గరుకు కాగితంతో తేలిగ్గా రుద్ది, ప్రతి ముడికీ రెండేసి పూతలు పట్టించాం. గంటలోపే ఆరిపోయేది. చెక్కకూ చెక్కకూ మధ్య గాడిలో సన్నటి కుంచెతో రంగు దూర్చడమే అసలు పని. చలికాలంలో హీటరు వేస్తే గాలి పొడిబారి చెక్కలు కుంచించుకుంటాయి. గాడిలో రంగు లేకపోతే పాత చెక్క పసుపు గీతల్లా బయటపడుతుంది. మెడలు పట్టేశాయి నాకు. ఆ పైన మెరుపులేని తెల్లరంగు రెండు పూతలు. కోడలు ఆస్పత్రికి వెళ్లేనాటికి మచ్చ లేదు.

మనవరాలు పుట్టింది. మేము తిరిగొచ్చేశాం. జనవరిలో వీడియోకాల్‌లో మావాడు ఫోను పైకి తిప్పి చూపించాడు. గీతలేవీ లేవుగానీ కిటికీ పక్కన ఒక్క ముడి లేతగా పచ్చబడింది. ‘ఆవేళ మీరు కాఫీకని దిగింది అక్కడేగా’ అంది మా ఆవిడ.