టాంకీ రంగు తీసిన మధ్యాహ్నం

గుండెజబ్బును గురించి మీకు చాలాసార్లు వ్రాశాను. మోటారుసైకిలు రంగు గీకడానికీ గుండెకూ సంబంధమేమిటని మీరు అడగవచ్చు. మొన్నటి మే నెల వరకు నేనూ అడిగేవాడినే.

ఉద్యోగపు రోజుల్లో నేను తల్లాడ చుట్టుపక్కల పల్లెలకు తిరిగిన పాత రాజ్‌దూత్ మా వసారాలో పడి ఉంది. సెలవులకు వచ్చిన మనవడు దాని పెట్రోలు టాంకీ రంగంతా తీసివేసి, ఒట్టి ఉక్కు మెరిసేటట్లు చేస్తానన్నాడు. ఇప్పటి కుర్రవాళ్ల ముచ్చట అట! ఖమ్మం నుంచి రంగు ఊడదీసే ద్రావణం తెచ్చాడు. బయట వడగాలి. వెనుకగది తలుపులు మూసుకొని బ్రష్షుతో పూశాడు. రంగు పొక్కులు లేచి ముడతలు పడుతుంటే చూడముచ్చటగా ఉందని నేనూ పక్కనే కుర్చీ వేసుకున్నాను.

గంటన్నరకు వాడికి తలనొప్పి, వికారం. నాకు ఛాతీ పట్టేసినట్లయింది. ఆరేళ్ల క్రితం స్టెంటు వేయించుకున్నవాడిని. అయినా మధ్యాహ్నం తిన్న ఆవకాయ మీదికి నెట్టాను. మనవడు నా వేలికి ఆక్సీమీటరు పెట్టి "98 ఉంది తాతయ్యా" అన్నాడు. వైద్యుణ్ణయి ఉండి ఆ అంకెను నమ్మాను. డబ్బా మీది చిన్న అక్షరాలు కంటపడకపోతే ఇంకెంతసేపు అక్కడే కూర్చునేవాడినో. అందులో మిథిలీన్ క్లోరైడ్ ఉంది.

ఈ ద్రావకం దాదాపు 40 డిగ్రీల సెల్సియస్‌కే మరుగుతుంది. మన మే మధ్యాహ్నాలు ఆ అంకెను దాటుతాయి. దాని ఆవిరి గాలికంటే బరువైనది, మూసిన గదిలో పేరుకుంటుంది. పీల్చినదానిలో కొంత భాగాన్ని మన కాలేయమే కార్బన్ మోనాక్సైడ్‌గా మారుస్తుంది. నిప్పు లేకుండానే, తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పక్కన పడుకున్నట్లన్నమాట. ఆ వాయువు హిమోగ్లోబిన్‌ను పట్టుకొని ఆక్సిజన్‌కు చోటివ్వదు. రక్తనాళాలు ఇరుకైన గుండెకు అది చాలు. వేలికి పెట్టే ఆక్సీమీటరు ఈ తేడాను పసిగట్టలేదు. ఆ రక్తాన్ని కూడా ఆక్సిజన్ నిండినదిగానే లెక్కిస్తుంది. పైగా కొవ్వులో నిలిచిన ద్రావకం నుంచి, గది విడిచి వచ్చాక కూడా కొన్ని గంటలు ఆ వాయువు పుడుతూనే ఉంటుంది. ఇంట్లో ఇటువంటి ద్రావణంతో రంగు తీస్తూ మూడుసార్లు గుండెపోటు తెచ్చుకొని, మూడోసారి మరణించిన ఒక పెద్దాయన గురించి అమెరికా వైద్యపత్రిక 'జామా' 1976లోనే ప్రచురించింది. రంగు తీయడానికి సామాన్యులకు దీన్ని అమ్మడాన్ని ఆ దేశం 2019లో నిషేధించింది.

ఆ రాత్రి ఖమ్మంలో మా ఇద్దరికీ ఆక్సిజన్ పెట్టారు.

మిగిలిన పని వాడు వేపచెట్టు కింద, మాస్కుతో, తడిపిన గరుకు కాగితంతో చేశాడు. పొడిగా రుద్దితే పాత రంగుల్లోని సీసం దుమ్మై లేస్తుంది. ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం మించరాదన్న నియమం 2017 నవంబరులో అమలులోకి వచ్చింది. మా బండి అంతకు ఎన్నో ఏళ్ల ముందుది. గ్రైండరు మాత్రం నేను ఒప్పుకోలేదు. పెట్రోలు వంపేసిన టాంకీలోనూ ఆవిరి మిగులుతుంది, ఒక్క నిప్పురవ్వ చాలు.

ఆరు రోజులు పట్టింది. తొలివానకే తుప్పు పట్టకుండా పైన రంగులేని లక్కరు వేయించాము. మూత దగ్గర వేలెడంత పాత రంగు మాత్రం అట్లాగే ఉంచమన్నాను.