ముసల్లస్‌లో మూడో జావియా

మా ఉర్దూ మీడియం హిసాబ్ కితాబులో త్రిభుజం అంటే ముసల్లస్. కోణం అంటే జావియా. భుజం అంటే జిలా. మనం దఫ్తర్ల చుట్టూ తిరిగే జిల్లా, ఈ జిలా రెండూ ఒకటే లఫ్జ్. అరబీలో దాని అసలు మానీ పక్కటెముక.

విలేకరిగా నేను ఎప్పుడూ తిరిగేది కూడా ఒక ముసల్లస్‌లోనే. సూర్యాపేట నుంచి హైవే మీద కోదాడ, అక్కడి నుంచి హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ, మళ్లీ సూర్యాపేట. 2016 అక్టోబర్ 11న సూర్యాపేట కొత్త జిల్లా అయింది. కోదాడ అందులోకి వచ్చింది, మిర్యాలగూడ నల్గొండలోనే ఉండిపోయింది. సర్కారు జిల్లాలు మార్చింది గానీ ఈ ముసల్లస్ జిలాలు మారలేదు.

కోదాడలో మా ఆపా ఉంటుంది. ఆమె బిడ్డ ఏడో జమాత్ దాకా ఉర్దూ మీడియం, ఎనిమిది నుంచి ఇంగ్లీషు మీడియం. ఇంట్లో ఉర్దూ, గల్లీలో తెలుగు, క్లాసులో ఇంగ్లీషు. మొన్న బక్రీద్‌కి వెళ్తే ఆపా మెల్లగా అంది: "దీనికి హిసాబ్ అస్సలు రావట్లేదు. పదితో చదువు ఆపేద్దామంటున్నారు మీ దుల్హాభాయ్."

బిడ్డ నోట్‌బుక్ తీసి చూశాను. ఒక త్రిభుజంలో రెండు కోణాలు 50, 60 డిగ్రీలు. మూడోది ఎంత? జవాబు చోట ఖాళీ.

"ముసల్లస్‌లో మూడు జావియాలూ కలిపితే ఎంత బేటీ?"

"ఏక్ సౌ అస్సీ" అంది తడుముకోకుండా.

"మరి ఇక్కడ?"

ఒక్క నిమిషం చూసింది. "సత్తర్."

"ఇంత తెలిసి ఎందుకు రాయలేదు?"

"ఇంటీరియర్ యాంగిల్స్ అని ఉంది మామూ. అది వేరే ఏదో అనుకున్నా."

అంటే తనకు తెలియనిది జావియా కాదు, దాని కొత్త పేరు. ఇంటీరియర్ యాంగిల్ అంటే లోపలి జావియా, తెలుగులో అంతరకోణం. అంతే.

తర్వాత ఇద్దరం మ్యాప్ ముందేసుకున్నాం. రోడ్లు వంకరలు తిరుగుతాయి కాబట్టి మూడు ఊళ్లనూ స్కేలుతో సీదాగా కలపమన్నాను. చాందా పెట్టి కొలిచింది. సూర్యాపేట దగ్గర సుమారు 78, కోదాడ దగ్గర సుమారు 41. మిర్యాలగూడ దగ్గర చాందా పెట్టనివ్వలేదు. 78, 41 కలిపితే 119. 180లోంచి తీసేస్తే 61. అప్పుడు చాందా పెట్టి చూసుకుని నవ్వింది.

"ఎప్పుడూ 180 ఎందుకొస్తుంది మామూ?" అని తనే అడిగింది. కోదాడ, మిర్యాలగూడ కలిపే గీతకు ముతవాజీగా, అంటే సమాంతరంగా, సూర్యాపేట గుండా ఇంకో గీత గీయించాను. కోదాడ జావియా ఆ గీత దగ్గర సూర్యాపేటకు ఒక పక్కన, మిర్యాలగూడ జావియా రెండో పక్కన అలాగే వచ్చి కూర్చుంటాయి. వీటిని తెలుగులో ఏకాంతర కోణాలంటారు. నడుమ సూర్యాపేటది ఉండనే ఉంది. మూడూ కలిస్తే ఒక సీదా గీత. సీదా గీత అంటే 180.

ఈ ఇల్మ్ పరీక్ష పేపర్ల కోసమే పుట్టలేదు. 1802లో మద్రాసు దగ్గర లాంబ్టన్ మొదలుపెట్టిన సర్వే ఇదే దారిన నడిచింది. ఒక్క భుజాన్ని నేల మీద కొలిచి, ఆపైన జావియాలు కొలుస్తూ, మిగతా భుజాలను హిసాబ్ చేసుకుంటూ నిజాం ఇలాకాలోకి వచ్చారు. 1819లో జార్జ్ ఎవరెస్ట్ కృష్ణా గోదావరుల నడుమ అడవుల్లో ఈ పని మీద తిరుగుతూనే జ్వరంతో మంచం పట్టాడు. ఆ సర్వే యంత్రాలను బాగు చేసిన ఉస్తాద్ ఆర్కాట్‌కు చెందిన సయ్యద్ మీర్ మొహ్సిన్ హుస్సేన్. ఇంగ్లాండు నుంచి వచ్చిన కారిగర్ వెళ్లిపోయాక ఆ ఓహ్దా ఆయనకే దక్కింది.

మన జబాన్‌లో హిసాబ్ నడవదనే వాళ్లకు ఇంకో మాట. 1917లో హైదరాబాద్‌లో దారుల్ తర్జుమా పెట్టి, మరుసటి ఏడాది ఉస్మానియా యూనివర్సిటీ స్థాపించారు. అక్కడ డాక్టరీ కూడా ఉర్దూలోనే చదివించారు.

ఉర్దూ మీడియం నుంచి తెలుగు డిగ్రీకి వెళ్లినప్పుడు నేనొక కాపీలో రెండు వరసలు గీసుకున్నాను, ఒకవైపు ఉర్దూ లఫ్జ్, ఒకవైపు తెలుగు మాట. భాంజీ కాపీలో ఇప్పుడు మూడు వరసలున్నాయి. జావియా, కోణం, యాంగిల్. జిలా, భుజం, సైడ్. ముతవాజీ, సమాంతరం, ప్యారలల్. రోజుకు ఐదు మాటలు చాలు. దుల్హాభాయ్‌కి ఆ నోట్‌బుక్ చూపించాను. ఆయన ఫైసలా ఇంకా చెప్పలేదు గానీ, ఇంటర్ అడ్మిషన్లు ఎప్పుడని మాత్రం అడిగారు.

మీ ఇంట్లోనూ మీడియం మారిన పిల్లలుంటే, హిసాబ్ రాదని తేల్చేముందు అదే సవాల్‌ని ఒకసారి ఇంటి జబాన్‌లో అడిగి చూడండి. ముఖ్యంగా ఆడపిల్లల చదువు ఆపాలనుకునేముందు.