తేదీ వేయని ఉత్తరం

మా ఊరు మంసాపురం. రాజపాళయానికి దాపున, పడమటి కొండలు కనిపించే చోట ఉంది. ఈ చుట్టుపక్కల ఏ ఇంట్లో అడిగినా నూలు మిల్లులో పని చేసినవారు ఒకరైనా ఉంటారు. 1936లో పి.ఎ.సి. రామసామి రాజా రాజపాళయంలో మిల్లు పెట్టినది మొదలు ఈ ప్రాంతానికి సైరనే గడియారం. నేనూ ముప్పయి ఏళ్లకు పైగా ఒక చిన్న మిల్లులో టైం ఆఫీసు గుమాస్తాగా ఉన్నాను. ఎవరు ఎన్నింటికి వచ్చారు, ఎన్ని షిఫ్టులు చేశారు అని రాయడమే నా ఉద్యోగం. 2020 మార్చిలో లాక్‌డౌన్‌కని మూసిన ఆ మిల్లు గేటు మళ్లీ తెరవలేదు.

నా తమ్ముడి కూతురు కూడా అక్కడ పని చేసింది. ప్లస్ టూ ముగించిన ఏడు తమ్ముడు మంచం పట్టాడు. పిల్ల చదువు ఆపి, 2018 జూన్‌లో కోన్ వైండింగ్‌లో చేరింది. మిల్లు మూతపడిన తరువాత, అదే ఏడు, పట్టుబట్టి ఇంజనీరింగులో చేరింది. 2023లో, ఆఖరి సంవత్సరం నడుస్తుండగా, కాలేజీకే వచ్చి ఉద్యోగాలిచ్చే కంపెనీ ఒకటి ఆమెను ఎంచుకుంది. ఇంటిల్లిపాదికీ సంతోషం. వారం తిరగకముందే ఒక ఫారం వచ్చింది. ప్లస్ టూకూ కాలేజీకీ నడుమ రెండేళ్లు ఏం చేశావు? పని చేసి ఉంటే నియామకపు ఉత్తరం, అనుభవ పత్రం, విడుదల పత్రం జతచేయి అని అందులో ఉంది.

ఆ మూడింటిలో ఒక్కటీ ఆమె దగ్గర లేదు. మిల్లులో చేర్చుకునేటప్పుడు ఉత్తరం ఇచ్చే అలవాటు లేదు. విడుదల చేయడానికి మిల్లే లేదు.

ఆదివారం పొద్దున ఫారం పట్టుకుని వచ్చింది. నా అలమరలో మిల్లు పేరు అచ్చువేసిన కాగితాల పుస్తకం సగం మిగిలి ఉందని ఆమెకు తెలుసు. వెనకవైపు పాల లెక్క రాసుకుంటాను. రబ్బరు ముద్ర కూడా ఒకటి సొరుగులో పడి ఉంది.

"పెద్దనాయనా, నేను పని చేసింది అబద్ధం కాదు. నువ్వు అక్కడ ఉన్నదీ అబద్ధం కాదు. అప్పుడైతే నువ్వే రాసి మేనేజరు దగ్గర సంతకం తెచ్చుండేవాడివి. ఇప్పుడు రాసిస్తే తప్పేముంది?"

జవాబు తోచలేదు. కాగితం తీశాను, కలమూ తీశాను. ఇలాంటి ఉత్తరాలు ఎన్ని రాశానో, మాటలు వాటంతట అవే వస్తాయి. కానీ పైన కుడివైపు తేదీ వేయవలసిన చోట చెయ్యి ఆగింది. ఈనాటి తేదీ వేస్తే ఆ మిల్లు లేదు. 2020 నాటి తేదీ వేస్తే ఆనాడు నేనిది రాయలేదు. లోపల ఉన్నదంతా నిజమే, ఆ తేదీ ఒక్కటే అబద్ధం. ఆ ఒక్కటి బయటపడితే లోపలి నిజాన్ని ఎవరూ నమ్మరు. పైగా, ఉద్యోగంలో చేరాక బయటపడితే పోయేది పిల్ల ఉద్యోగం, నాది కాదు.

"వద్దమ్మా, వేరే దారి చూద్దాం" అన్నాను. పిల్ల ముఖం చిన్నబోయింది.

వేరే దారి ప్రావిడెంట్ ఫండ్. 2014 నుండి చందాదారులకు యు.ఏ.ఎన్. అని ఒకే నంబరు ఇస్తున్నారు. మిల్లు పోయినా ఆ నంబరు పోదు. దానికి జతచేసిన ఫోను తమ్ముడిది. అది ఇంకా వాడుకలో ఉండడం మా అదృష్టం. పాస్‌బుక్కు తెరిస్తే ఏ నెల ఎంత కట్టారో వరుసగా ఉంది. పని విడిచిన తేదీ మాత్రం ఖాళీ. మూసిన మిల్లు తరఫున అది రాసేవారెవరు? చివరి చందా పడి రెండు నెలలు దాటితే ఆ తేదీని చందాదారే నమోదు చేసుకోవచ్చు. ఆ వీలు 2020 జనవరిలో వచ్చింది. పిల్ల అలాగే చేసింది.

అయితే పాస్‌బుక్కులో 2019 మార్చి నుండి 2020 మార్చి వరకు పదమూడు నెలలే ఉన్నాయి. ఆమె చేసింది ఇరవైరెండు. మొదటి తొమ్మిది నెలలూ "ట్రైనింగు". పని అదే, షిఫ్టు అదే. జీతం చేతికి రొక్కం. చందా లేదు, చీటీ లేదు.

ఇక్కడ నేనొక మాట ఒప్పుకోవాలి. ట్రైనింగు పిల్లల హాజరు మస్టరులో ఎక్కేది కాదు. దానికి వేరే నోటు పుస్తకం ఉండేది. తనిఖీకి వచ్చినవారి బల్ల మీదికి అది వెళ్లేది కాదు. ఆ పుస్తకం రాసింది నా చెయ్యే. పైవాళ్లు చెప్పారు, రాశాను. నా ఇంటి పిల్ల పేరు కూడా అందులోనే రాశాను.

చివరికి ఫారంలో ఉన్నది ఉన్నట్టు రాయించాను: పదమూడు నెలలకు పాస్‌బుక్కు సాక్ష్యం, తొమ్మిది నెలలకు పత్రం లేదు, మిల్లు మూతపడింది. అదే మాట నోటరీ దగ్గర ప్రమాణ పత్రంగా చేయించాము. మిల్లు కాగితం మీద కాక తెల్లకాగితం మీద, ఈనాటి తేదీ వేసి, నా పేరుతో, నా చిరునామాతో నేనూ ఒక ఉత్తరం రాశాను. ఆమె నా తమ్ముడి కూతురన్న సంగతి కూడా దాచలేదు.

మూడు వారాలకు విచారణ చేసేవారి ఫోను వచ్చింది. అవతలి కుర్రవాడు మర్యాదగానే మాట్లాడాడు. బంధువుల ఉత్తరం లెక్కకు రాదనీ, పాస్‌బుక్కు ఉన్నంత మేరకు తీసుకుంటామనీ చెప్పాడు. "మరి ఆ తొమ్మిది నెలలు?" అన్నాను. "ఖాళీ అని రాసుకుంటాం సార్. ముందే చెప్పారు కాబట్టి ఇబ్బంది లేదు" అన్నాడు.

పిల్ల 2024లో ఉద్యోగంలో చేరింది. "పోనీలే పెద్దనాయనా, పని దొరికింది కదా" అంటుంది. ఆమెకు ఆ తొమ్మిది నెలలు తీరిపోయిన సంగతి. నాకు తీరలేదు. రాత్రి షిఫ్టు ముగించి, జుట్టునిండా దూదితో గేటు దాటి వచ్చే పిల్లను చూసినవాణ్ణి. అది ఖాళీ ఎలా అవుతుంది?

ఈ నేలమీద మన తెలుగు బతుకూ ఇలాంటిదే అని అప్పుడప్పుడు అనిపిస్తుంది. విజయనగర కాలంలో వచ్చినవాళ్లమని పెద్దలు చెబుతారు. ఎన్నో ఇళ్లల్లో మాట ఉంది, చూపడానికి రాత లేదు. మా పిల్లే తెలుగులో అలుగుతుంది, తెలుగులో నవ్వుతుంది, చదవమంటే అరవమే చదువుతుంది. రాసి పెట్టుకోనిది ఒకనాడు ఎవరో వచ్చి ఖాళీ అంటారు.

కనుక మీ ఇంటి పిల్లలు ఏ చిన్న పనికి వెళ్లినా చేరిన నాడే ఒక ఉత్తరం అడగమనండి. కూలి చీటీ పారవేయవద్దనండి. ప్రావిడెంట్ ఫండ్ నంబరు, ఇ.ఎస్.ఐ. నంబరు ఇంట్లో ఒక పుస్తకంలో రాసి పెట్టమనండి. బడి సర్టిఫికెట్టులో ఉన్న పేరూ ఇనీషియలూ అన్నిచోట్లా ఒకటిగా ఉన్నాయో లేదో చూసుకోమనండి. అడిగితే యజమాని ముఖం మాడ్చుకోవచ్చు. అడగనివ్వండి.

మిల్లు కాగితాలకు అడ్డగీతలు గీసి, లెక్కలు చేసుకోమని మనవడికి ఇచ్చేశాను. ముద్రను పొయ్యిలో వేశాను. ఆ వేరే నోటు పుస్తకం మాత్రం నా దగ్గర లేదు. మూసిన గేటు లోపలే ఉండిపోయింది. అందుకే ఈ మాట ఇక్కడ రాస్తున్నాను: 2018 జూన్ నుండి 2019 ఫిబ్రవరి వరకు ఆ పిల్ల పనికి వచ్చింది. హాజరు వేసినవాణ్ణి నేనే.