మేము, మనము, హమ్

నరసాపురములో ఉర్దూ మాట్లాడే ఇండ్ల పిల్లలకు తెలుగు రాదని ఎవరైనా అంటే మేము ఒప్పుకొనము. వశిష్ఠ గోదావరి రేవు దగ్గర, బజారులో, వీధి ఆటలలో వారి తెలుగు కాలువ నీరువలె పారుతూనే ఉంటుంది. కాగితము ముందుంచి నాలుగు వాక్యములు వ్రాయమన్నప్పుడే చిక్కు. లెక్కలలో చురుకైన పిల్లవాడు కూడ అక్కడ ఆగిపోతాడు. ఆరవ తరగతికి చేరేసరికి అతనికి 'మొద్దు' అనే పేరు స్థిరపడుతుంది. ఆ పేరు పడకముందే ఏదైనా చేయవలెనని, కళాశాల విద్యార్థులము కొందరము అసర్ నమాజుకు, మగ్రిబ్ నమాజుకు నడుమ మూడు నుండి ఐదు తరగతుల పిల్లలను కూర్చుండబెట్టుకొని వ్రాయిస్తున్నాము.

మొదటి వారములలో తప్పులను ఎర్రసిరాతో దిద్దక, ఒక నోటుపుస్తకములోనికి ఎత్తి వ్రాసుకొన్నాము. చూడగా అవి అడ్డదిడ్డముగా పుట్టిన తప్పులు కావని తెలిసినది. 'ఇది నా పలక ఉంది' అని వ్రాసిన పాప 'యే మేరీ తఖ్తీ హై' అనే వాక్యమును మాటకు మాట దించినది. ఉర్దూలో 'హై' లేనిదే ఆ వాక్యమునకు ముగింపు లేదు; తెలుగులో 'ఇది నా పలక' అంటే చాలును. గుడులు, కొమ్ములు జారిపోవుటకు కారణము మరొకటి. ఉర్దూ లిపిలో హ్రస్వాచ్చుల గుర్తులను సాధారణముగా వ్రాయరు, చదివేవారే గ్రహించుకొంటారు. తెలుగులో ప్రతి అచ్చూ కంటికి కనబడవలసినదే. కుడినుండి ఎడమకు ఒక గంట, ఎడమనుండి కుడికి ఒక గంట వ్రాసే ఎనిమిదేండ్ల చేతిని తొందరపెట్టుట సబబు కాదు.

అన్నింటికంటె మమ్ము ఆశ్చర్యపరచినది 'అని' అనే చిన్న మాట. ఒక బాలుడు 'అమ్మ చెప్పింది ఏమంటే నువ్వు బడికి పో' అని వ్రాసినాడు. పాఠ్యపుస్తకపు ఉర్దూలో 'కహా' తరువాత 'కి' వచ్చి, చెప్పిన మాట ఆ పిమ్మట వస్తుంది. తెలుగులో చెప్పిన మాట ముందు, 'అని' వెనుక. కాని ఇంటిలో పలికే దక్కనీలో ఆ బాలుడే 'అమ్మీ జావ్ బోల్కే బోలీ' అంటాడు గదా! ఆ 'బోల్కే' అచ్చముగా 'అని' చేసే పనియే చేస్తున్నది. తెలుగు, కన్నడములతో శతాబ్దముల తరబడి కలిసి బ్రతికిన భాష అది. ఇంటిలో పలికే వరుసలోనే వ్రాయమన్నాము. ఆ తప్పు చాలవరకు పోయినది. చిన్న వాక్యములను కలుపుటకు కూడ ఇదే దారి. 'జా కర్', 'దేఖ్ కర్' తెలిసిన బిడ్డకు 'వెళ్ళి', 'చూచి' కొత్తవి కావు. 'పంటు వచ్చింది' అన్న వాక్యమునకు ఎక్కడినుండి, ఎవరితో అని ప్రశ్నలు వేస్తూ పోగా, 'సఖినేటిపల్లి నుండి మనుషులను, సైకిళ్ళను ఎక్కించుకొని పంటు వచ్చింది' అని ఒక మూడవ తరగతి పిల్ల తానే పూర్తిచేసినది.

ఇంటి భాషను ఇంటిలోనే విడిచి రమ్మనే వారితో మాకు ఏకీభావము లేదు. గిడుగు వేంకట రామమూర్తి (1863–1940) సవర పిల్లలకు చదువు చెప్పదలచి, ముందుగా తానే సవర భాష నేర్చుకొన్నారు. ఆయన వ్యావహారికోద్యమమును తలచుకొనే వారు ఈ సంగతిని అంతగా తలచుకోరు.

ఇక 'హమ్' సంగతి. ఉర్దూలో అది ఒక్కటే. ఎదుటివారిని కలుపుకొంటే 'మనము', విడిచిపెడితే 'మేము' అనే భేదము తెలుగుది. వ్యాకరణములో ఒక పంక్తితో పోయే ఈ భేదము మా ఐదవ తరగతి పిల్ల ఒకరి ఇంటిలో కూలి తగవుగా మారినది. నరసాపురము లేసు అల్లికలకు పేరుపడిన ఊరు. ఆ పిల్ల తల్లి దారము తెచ్చుకొని, ఇంటివద్ద అల్లి, ఏజెంటుకు అప్పగిస్తుంది. రెండు డజన్ల కూలి నిలిచిపోగా, తల్లి చెప్పినట్లు పిల్ల చీటీ వ్రాసినది: 'మనకు రెండు డజన్ల కూలి రావాలి.' ఏజెంటు దానిని నలుగురిలో చదివి, 'మనకా? అయితే నాకు కూడ ఎవరో ఇవ్వాలన్నమాట!' అని నవ్వి పంపినాడట. ఐదు ముగిసినాక పిల్లను కూడ అల్లికలోనే కూర్చుండబెడతానని తల్లి ఆ రాత్రే అన్నది.

మరునాడు చీటీ మా ముందుకు వచ్చినది. మేము ఒక్క అక్షరమూ దిద్దలేదు. 'ఆ డబ్బులో ఆయనకు వాటా ఉన్నదా?' అని మాత్రము అడిగినాము. పిల్ల చాలసేపు చూచి, 'మనకు' కొట్టివేసి 'మాకు' అని వ్రాసినది. తరువాత తనంతట తానే వాక్యమును పెంచినది: 'రంజానుకు ముందు మీకు ఇచ్చిన రెండు డజన్ల లేసుకు మాకు ఇంకా కూలి రాలేదు. శుక్రవారము లోపల ఇప్పించగలరు.' ఎవరు, ఎప్పుడు, ఎంత, అన్నీ ఉన్నవి. కూలి వచ్చినది, సగమే. మిగిలిన సగమునకు రెండవ చీటీ సిద్ధమవుతున్నది. ఆరవ తరగతి మాట తల్లి ఇంకా తేల్చలేదు.

ఇప్పుడు ఇరుగుపొరుగు స్త్రీలు కూడ చీటీలు వ్రాయించుకొనుటకు ఆ పిల్ల వద్దకు, ఆ పిల్లతో కూడ మా వద్దకు వస్తున్నారు. ఉన్న చోటు చాలుట లేదు. కళాశాల కమిటీ వారు సాయంకాలము ఒక గదిని, ఒక నల్లబల్లను, కొన్ని గీతల నోటుపుస్తకములను ఇప్పించినచో రెండవ తరగతి పిల్లలను కూడ చేర్చుకొనగలము.