మందుల చీటీ పారేయకండమ్మా!

మా ప్రొద్దుటూరులో బంగారం అంగళ్లకు కొదవలేదు. అందుకే ఇక్కడి ఆడవాళ్లం నగ కొన్న రసీదును బీరువాలో భద్రంగా దాచుకుంటాం. డాక్టరు రాసిచ్చిన చీటీ మాత్రం మందులు అయిపోగానే చెత్తబుట్టలోకి పోతుంది. కడుపుతో ఉన్నప్పుడు ఆ చీటీ నగ రసీదు కంటే విలువైనది. ఎందుకంటున్నానో వినండి.

మా చిన్నాన్న కూతుర్ని పులివెందులకిచ్చారు. చిన్నప్పటి నుంచి ఫిట్స్ ఉన్న పిల్ల. వాల్‌ప్రొయేట్ మాత్ర వాడేది. నెల తప్పాక ప్రతినెలా డాక్టరుకు చూపించుకుంది. ఈ మాత్ర బిడ్డకు చేటు చేయవచ్చని ఒక్కరూ చెప్పలేదు. పాప వెన్ను సరిగా మూసుకోకుండా పుట్టింది.

ఈ మందు వాడిన తల్లులకు పుట్టే 100 మంది పిల్లల్లో సుమారు 10 మందికి పుట్టుకతో అవకరాలు రావచ్చు. 30 నుంచి 40 మందికి ఎదుగుదలలో ఇబ్బందులు ఉండవచ్చు. పైగా బిడ్డ వెన్ను మొదటి నెలలోనే, మనకింకా సంగతి తెలియకముందే ఏర్పడుతుంది. కాబట్టి ఫిట్స్ ఉన్న పిల్లకు పెళ్లి కుదరగానే డాక్టర్ని అడగాలి. అలాగని భయపడి మాత్ర మీరే మానేయకండి. ఫిట్స్ ఎక్కువైతే తల్లికీ బిడ్డకూ ప్రమాదమే. మార్చవలసింది డాక్టరే.

మొటిమలకిచ్చే ఐసోట్రెటినాయిన్, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్, ఎనలాప్రిల్ వంటి కొన్ని బీపీ మాత్రలు వాడుతుంటే కూడా ముందే చెప్పండి. అయిదో నెల వచ్చాక నడుం నొప్పికని డైక్లోఫెనాక్ మెడికల్ షాపులో అడిగి తెచ్చుకోవద్దు.

ఇది కొత్త గొడవేం కాదు. నెల తప్పిందో లేదో తెలుసుకోవడానికని ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ ఎక్కువ మోతాదులో కలిపిన మందులు ఒకప్పుడు మన దేశంలో అమ్మేవారు. బిడ్డకు ప్రమాదమని ప్రభుత్వం 1982లో నిషేధిస్తే కంపెనీలు కోర్టుకెక్కాయి. మహిళా సంఘాలు పట్టువదలక పోరాడితే 1988లో గానీ ఆ నిషేధం గట్టిపడలేదు.

ఇక మావాళ్ల సంగతి. జమ్మలమడుగులో తెలిసిన వకీలు దగ్గరికి వెళ్తే ఆయన మొదట అడిగింది, "చీటీలు యాడున్నాయమ్మా?" అని. సంక్రాంతికి ఇల్లు దులిపినప్పుడు పోయాయి! "పాప పుట్టి ఎన్నాళ్లయింది?" అన్నాడు తర్వాత. ఏడాదిన్నర. "ఇంకా గడువుంది, పదండి" అన్నాడు.

డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. ఇప్పుడున్న 2019 చట్టం ప్రకారం రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి. ఆలస్యానికి తగిన కారణం చూపితే కమిషన్ మన్నించవచ్చు. మన జిల్లావాళ్లం కడపలోనే వేసుకోవచ్చు. వైద్యానికి కట్టింది 5 లక్షల లోపైతే ఫీజు లేదు. అందరికీ ఉచితంగా వైద్యం చేసే ఆసుపత్రులకు ఈ చట్టం వర్తించదు, అక్కడ సివిల్ కోర్టే దారి. ఆదాయంతో పనిలేకుండా ఆడవాళ్లకు ఉచితంగా వకీలును ఇవ్వాలని 1987 నాటి చట్టం ఉంది. 15100కు ఫోన్ చేసి అడగండి.

చీటీలు పోయినా ఆసుపత్రిలో రికార్డు ఉంటుంది. రాసి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్య నిబంధనలు చెబుతున్నాయి. మావాళ్లకు కొన్ని కాగితాలు అలాగే దొరికాయి. కేసు నడుస్తోంది. అవకరం మందు వల్లే వచ్చిందని, డాక్టరు చెప్పవలసింది చెప్పలేదని రుజువు చేయాలి. గెలుస్తామని వకీలు మాటివ్వలేదు.

మీ ఇంట్లో ఎవరైనా నీళ్లోసుకుంటే ఒక కవరు తీసి పెట్టండి. చీటీ, మెడికల్ షాపు బిల్లు, స్కానింగ్ కాగితం, ఖాళీ అయిన మాత్రల అట్ట అన్నీ తేదీల వారీగా అందులో వేయండి. డాక్టరు మందు రాస్తున్నప్పుడు "కడుపులో బిడ్డకు పర్వాలేదా సార్?" అని నోరు తెరిచి అడగండి. ఆయన విసుక్కున్నా సరే, జవాబు చెప్పేదాకా కుర్చీలోంచి లేవకండి.